పునాదిలో తగిలిన బండ గ్రానైటేనా? భూమి కింద అంతా అదేనా?

మీరు అడిగిన దాన్ని ముందు ఒకసారి చెప్పుకుందాం, చదివేవాళ్లకు కూడా తెలుస్తుంది. ఘట్‌కేసర్ దగ్గర ఇల్లు కడుతున్నారు. ఆరడుగులు తవ్వగానే షీట్ రాక్ తగిలింది. “కింద భూమంతా ఇదే బండ సార్, ఎంత తవ్వినా ఇంతే” అన్నాడు మేస్త్రీ. వంటింటి ప్లాట్‌ఫాం కోసం బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ బుక్ చేస్తే, అది అసలు గ్రానైటే కాదని మీ బావమరిది అన్నారు. తొమ్మిదో తరగతి చదివే మీ అమ్మాయేమో భూపటలం, అంటే భూమి పై పెంకు, గ్రానైట్‌తో తయారైందని చదువుకున్నానంటోంది. ఎవరి మాట నిజమని మీ ప్రశ్న.

నేను భూగర్భ జలాల పనిలో ముప్పై ఏళ్లకు పైగా ఈ రాళ్ల మీదే తిరిగాను. మీ మేస్త్రీ మాట కొంత దూరం నిజం. మీ బావమరిది మాట పూర్తిగా నిజం. మీ అమ్మాయి చదివింది ఒకప్పుడు అందరూ నమ్మిన లెక్క, దాన్ని కొంచెం సరిదిద్దుకోవాలి. ఎందుకో వివరంగా చెప్తాను.

మీ బండతోనే మొదలుపెడదాం. ఘట్‌కేసర్, భువనగిరి, మౌలాలి, గోల్కొండ, ఖాజాగూడ, దుర్గం చెరువు గట్లు... ఇవన్నీ ఒకే రాతి కుటుంబం. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. హుస్సేన్‌సాగర్ మధ్యలో నిలబడిన బుద్ధుణ్ణి భువనగిరి పక్కనున్న రాయగిరి గుట్టలోంచి ఏకశిలగా చెక్కారు. మీ పునాదిలో తగిలింది ఆ బుద్ధుడికి దగ్గరి చుట్టమే.

తవ్విన చోట తాజాగా పగిలిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకోండి. పైన పాతబడిన ముఖం వద్దు, అది మట్టి రంగు పట్టి ఏమీ చెప్పదు. పగిలిన ముఖాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పండి. కొన్ని గింజలు తళుక్కున అద్దంలా మెరిసి, కొంచెం తిప్పగానే ఆరిపోతాయి. గులాబీ రంగులోనో తెల్లగానో ఉండే ఆ గింజలు ఫెల్డ్‌స్పార్. అది చదునైన ముఖాల వెంబడి పగులుతుంది కాబట్టే అలా మెరుస్తుంది. వాటి మధ్య ఇరుక్కుని, ఎటు తిప్పినా నూనె రాసిన గాజులా బూడిదరంగులో కనిపించేది క్వార్ట్జ్, మన పలుగు రాయి. చాకు మొనతో గీస్తే దాని మీద గీత పడదు, పైగా చాకు లోహమే సన్నగా అంటుకుంటుంది. మిగిలింది చిన్న చిన్న నల్లటి రేకులు. గుండుసూదితో లేపితే పొరలుగా ఊడి వస్తాయి. అది బయోటైట్, అంటే నల్ల అభ్రకం. మనం చిన్నప్పుడు కాకి బంగారం అనేవాళ్లమే, దాని జాతిదే.

పలుగు, రెండు రకాల ఫెల్డ్‌స్పార్, కాస్త అభ్రకమో, హార్న్‌బ్లెండ్ అనే మరో నల్ల ఖనిజమో. భూవిజ్ఞానంలో గ్రానైట్ అంటే ఇంతే. కాకపోతే పాళ్లు కుదరాలి. పలుగు, ఫెల్డ్‌స్పార్లు కలిపి నూరు పాళ్లనుకుంటే అందులో పలుగు కనీసం 20 పాళ్లు ఉండాలి. పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్ కూడా తగినంత ఉండాలి. అది తగ్గి సోడియం, కాల్షియం ఉన్న ఫెల్డ్‌స్పార్ పెరిగితే పేరు మారి గ్రానోడయొరైట్ అవుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల రెండూ దొరుకుతాయి. మామూలు కంటికి రెండూ ఒకటే, ఇల్లు కట్టేవాళ్లకు తేడా అక్కర్లేదు.

గింజలు కంటికి కనిపించేంత పెద్దవిగా ఉండటం కూడా ముఖ్యమే. పాకాన్ని గబగబా చల్లారిస్తే పంచదార చిలకలా సన్నటి పలుకు వస్తుంది. అదే పాకాన్ని కదపకుండా రోజుల తరబడి నెమ్మదిగా ఆరనిస్తే పెద్ద పెద్ద పలుకుల పటికబెల్లం అవుతుంది. గ్రానైట్ భూమి లోపల కిలోమీటర్ల లోతులో, వేల లక్షల ఏళ్ల పాటు చల్లారిన పటికబెల్లం. అదే కరుగు పైకి వచ్చి లావాగా ఒక్కసారి చల్లారితే గింజలు కనిపించని రయొలైట్ అవుతుంది. అంటే మీ పునాదిలో బండ ఉన్న చోటు ఒకప్పుడు భూమికి పైముఖం కాదు. దాని మీద కిలోమీటర్ల మందాన వేరే రాయి ఉండేది. అదంతా వానకు, గాలికి, ఏరులకు అరిగి సముద్రాల పాలయ్యాక ఈ రాయి వెలుగు చూసింది. నేను ఫీల్డుకు కొత్తగా వచ్చినప్పుడు ఈ ఒక్క విషయం తలకెక్కడానికి చాలా రోజులు పట్టింది. ఎక్కాక మాత్రం ఏ గుట్ట ఎక్కినా పైన లేని ఆ రాయే గుర్తొచ్చేది.

పైన బరువు తగ్గేసరికి లోపల అణిగి ఉన్న రాయి కొద్దిగా ఉబ్బుతుంది. అప్పుడు నేలకు సమాంతరంగా, ఉల్లిపాయ పొరల్లా పగుళ్లు పడతాయి. మన బిల్డర్లు షీట్ రాక్ అనే మాట ఎక్కడ నేర్చుకున్నారో గానీ, అది అచ్చంగా ఈ పొరలకు సరిపోయే పేరు. వడ్డెర పనివాళ్లు పూర్వం బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టి పలకలు లేపింది కూడా ఈ గుణం తెలిసే.

ఇప్పుడు మీ బ్లాక్ గెలాక్సీ. మన రాతి వ్యాపారంలో గట్టిగా ఉండి పాలిష్ పట్టేది ఏదైనా గ్రానైటే, మెత్తగా ఉండి పాలిష్ పట్టేది మార్బుల్. షాపువాళ్లు మోసం చేస్తున్నారనుకోవద్దు, ప్రపంచమంతా ఇదే వాడుక. కానీ రాయిగా చూస్తే బ్లాక్ గెలాక్సీలో పలుగు దాదాపు ఉండదు. ఒంగోలు పక్కన చీమకుర్తిలో దొరికే ఆ రాయిని మేం గాబ్రోనోరైట్ అంటాం. కాల్షియం ఎక్కువున్న ఫెల్డ్‌స్పార్, ఇనుము, మెగ్నీషియం ఉన్న పైరాక్సీన్లు అనే ముదురురంగు ఖనిజాలు కలిసిన రాయి. మీరు ముచ్చటపడి కొన్న ఆ బంగారు చుక్కలు బంగారమూ కాదు, అభ్రకమూ కాదు. బ్రాంజైట్ అనే పైరాక్సీన్ రేకుల మీద వెలుతురు పడి వెనక్కి కొట్టే మెరుపు. కుప్పం వైపు, ఖమ్మం, వరంగల్ వైపు దొరికే మచ్చలేని నల్ల గ్రానైట్లు చాలావరకు డోలరైట్ అనే సన్నగింజ నల్లరాయి. గ్రానైట్ నిలువునా పగిలినప్పుడు ఆ పగుళ్లలోకి కింది నుంచి నల్లటి కరుగు ఎక్కి గోడలా గడ్డకట్టింది, దాన్నే డైక్ అంటాం. ఈసారి ఊళ్ల మీదుగా వెళ్తుంటే చూడండి. ఎర్రమట్టి చేల మధ్య తెల్లటి గుండ్ల గుట్టలుంటాయి, వాటిని అడ్డంగా కోస్తూ నల్ల గుండ్ల వరస ఒకటి తిన్నగా, గీత గీసినట్టు కిలోమీటర్ల దూరం పోతుంటుంది. అదే డైక్.

కాకతీయుల శిల్పులకు ఈ తేడా బాగా తెలుసు. రామప్ప గుడి గోడలకు ఇసుకరాయి వాడారు. నునుపుగా, సన్నగా చెక్కాల్సిన స్తంభాలకు, దూలాలకు గ్రానైట్‌తో పాటు డోలరైట్ వాడారు. డోలరైట్ గింజ సన్నం కాబట్టి ఉలికి దారమంత పని కూడా నిలబడుతుంది. గ్రానైట్‌లో అంత సన్నగా చెక్కబోతే ఫెల్డ్‌స్పార్ గింజ మొత్తంగా ఊడి వస్తుంది. నిజమైన గ్రానైటే కావాలనుకుంటే కరీంనగర్ టాన్ బ్రౌన్ చూడండి. ఆ పెద్ద పెద్ద గోధుమరంగు మచ్చలన్నీ ఫెల్డ్‌స్పార్ పలుకులే. అయితే వంటింటికి మీ గెలాక్సీ లాంటి గాబ్రో జాతి రాయి పనికిరాదని కాదు సుమా. నిమ్మరసం, చింతపండు పులుసు పడినా దేనికీ ఏమీ కాదు. భయపడాల్సింది మార్బుల్ విషయంలో, ఆ పులుపు దాన్ని తినేస్తుంది.

ఇక్కడి నుంచి మీ అమ్మాయి ప్రశ్నలోకి వెళ్దాం. నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది.

ఘట్‌కేసర్‌లో తవ్వుకుంటూ పోతే ఏం వస్తుంది? హైదరాబాద్ కింద భూపటలం మందం సుమారు 33 నుంచి 36 కిలోమీటర్లు. హిమాలయాలు, టిబెట్ కింద దాదాపు 70 కిలోమీటర్లు. సముద్రాల అడుగున ఆరేడు కిలోమీటర్లే. దాని కింద ఉండే బరువైన రాతి పొర మాంటిల్. 1909లో ఆండ్రియా మొహరోవిచిచ్ క్రొయేషియాలో వచ్చిన ఒక భూకంపం రికార్డులు చూస్తూ, కొంత లోతు దాటాక తరంగాలు ఒక్కసారిగా వేగం పుంజుకుంటున్నాయని గమనించాడు. ఆ హద్దే భూపటలానికి అడుగు. అందుకే దానికి మోహో అని పేరు. మన దగ్గర దీన్ని కొలిచిన కథలో ఒక తెలుగు ఊరు ఉంది. 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, సోవియట్ నిపుణుల సహకారంతో నెల్లూరు జిల్లా కావలి నుంచి కర్ణాటకలో ఉడుపి దాకా, ఇటు సముద్రం నుంచి అటు సముద్రం దాకా, సుమారు 600 కిలోమీటర్ల గీత వెంట నేలలో పేలుళ్లు చేసి లోపలి నుంచి తిరిగి వచ్చిన తరంగాలను నమోదు చేసింది. దేశంలో అలాంటి లోతైన సర్వే అదే మొదటిది.

అంత లోతులో అంతా మీ బండేనా? కాదు. తరంగాల వేగమే ఆ సంగతి చెబుతుంది. పై సగంలో తరంగం సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు పోతుంది, గ్రానైట్, గ్రానైట్ నైస్ (వేడికి, ఒత్తిడికి మారి చారలు పడిన రాయి) లాంటి రాళ్లలో ఉండే వేగం అది. కింది సగంలో దాదాపు 7కు చేరుతుంది, మోహో దాటాక 8కి పైనే. కింది భూపటలం అంటే నల్లటి, బరువైన, ఇనుము, మెగ్నీషియం ఎక్కువున్న రాయి. మీ వంటింటి గెలాక్సీకి దూరపు బంధువు అనుకోండి.

మీ అమ్మాయి చదివిన మాటకు మూలం ఇక్కడే ఉంది. పైన సిలికాన్, అల్యూమినియం ఉన్న సియాల్ అనే గ్రానైట్ పొర, కింద సిలికాన్, మెగ్నీషియం ఉన్న సిమా అనే బసాల్ట్ (లావా గడ్డకట్టిన నల్లరాయి) పొర, రొట్టె మీద రొట్టె పెట్టినట్టు ఉంటాయని చాలాకాలం బోధించారు. మోటుగా చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ అంత శుభ్రమైన హద్దు లేదని తవ్వి చూసినవాళ్లకు తెలిసింది. 1970లో రష్యాలోని కోలా ద్వీపకల్పంలో రంధ్రం వేయడం మొదలుపెట్టారు. దాదాపు ఏడు కిలోమీటర్ల దగ్గర గ్రానైట్ అయిపోయి బసాల్ట్ రావాలని వాళ్ల అంచనా, అక్కడ తరంగాల వేగం మారుతోంది కాబట్టి. 1989కి 12,262 మీటర్లకు చేరారు. బసాల్ట్ పొర రానే లేదు. ఆ లోతులో ఉన్నవి గ్రానైట్ జాతి నైస్ రాళ్లే, ఒత్తిడికి, వేడికి మారిపోయి, పగుళ్లు పడి, ఆ పగుళ్లలో నీళ్లతో ఉన్నాయి. వేగం మారడానికి కారణం ఆ మార్పేనని తేలింది. అడుగున వేడి 180 డిగ్రీలు. అది వాళ్లు అనుకున్న దానికంటే చాలా ఎక్కువ, దాంతో పని ఆపక తప్పలేదు. మనిషి వేసిన ఆ అతిలోతైన రంధ్రం కూడా అక్కడి భూపటలంలో మూడో వంతు దూరమే పోయింది.

అందుకని మీ మేస్త్రీ అన్నది పది, పదిహేను కిలోమీటర్ల దాకా దాదాపు నిజమే. జీవితంలో ఎవరూ అంత లోతు తవ్వరు కాబట్టి ఆయన లెక్కకు ఢోకా లేదు.

కానీ అది హైదరాబాద్ చుట్టుపక్కల మాట. వికారాబాద్ అనంతగిరి గుట్టలకు వెళ్లండి. అక్కడ పైన ఎర్రటి జేగురు రాయి, దాని కింద నల్లటి బసాల్ట్. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పరుచుకున్న దక్కన్ లావా పొరలకు అది అంచు. మూసీ నది ఆ బసాల్ట్ మీద పుట్టి, గ్రానైట్ మీదికి దిగి నగరంలోకి వస్తుంది. మరి ఆ లావా కింద ఏముంది? మహారాష్ట్రలో కోయినా దగ్గర భూకంపాల అధ్యయనం కోసం మూడు కిలోమీటర్ల లోతు రంధ్రం వేశారు. సుమారు 1.2 కిలోమీటర్లు బసాల్ట్, ఆ తర్వాత అడుగు దాకా గ్రానైట్ నైస్. పైన ఏ దుప్పటి కప్పినా కింద పడుకున్నది అదే ముసలిరాయి. కడప, బేతంచెర్ల, తాండూరు బండలు సున్నపురాతి దుప్పట్లు. విశాఖ, సింహాచలం వైపు మాత్రం సంగతి వేరు. అక్కడ ఖోండలైట్, చార్నోకైట్ అనే రాళ్లు. ఎంతో లోతులో, ఎంతో వేడిలో ఉడికి పైకి వచ్చినవి. భూపటలం లోపలి భాగం ఎలా ఉంటుందో చూడాలంటే తూర్పు కనుమల్లో తిరిగితే చాలు. చార్నోకైట్ అనే పేరు ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి రాయి నుంచి వచ్చింది, ఆ సమాధి కలకత్తాలో ఉంది.

ఇక సగటు లెక్క. అమెరికా భూవిజ్ఞాన సర్వేలో రసాయన నిపుణుడు ఫ్రాంక్ క్లార్క్, హెన్రీ వాషింగ్టన్‌తో కలిసి 1924లో ప్రపంచం నలుమూలల రాళ్ల పరీక్షలు 5,159 పోగేసి సగటు కట్టాడు. కంప్యూటర్ లేని రోజుల్లో చేసిన ఆ పని నాకు ఇప్పటికీ గౌరవం కలిగిస్తుంది. సిలికా, అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం, దాదాపు 60 శాతం వచ్చింది. తర్వాత వచ్చిన లెక్కలూ ఖండాల భూపటలానికి ఆ అంకె చుట్టూనే తిరిగాయి. పై భాగంలో 66, 67, అడుగు భాగంలో 53 దాకా. పోల్చుకోవడానికి చెప్తున్నా, మీ బండలో సిలికా 70 శాతం పైనే ఉంటుంది, బసాల్ట్‌లో 50 దగ్గర. అంటే సగటు భూపటలం గ్రానైటూ కాదు, బసాల్టూ కాదు, రెంటి నడిమిది. ఆండీస్ పర్వతాల పేరు పెట్టిన ఆండిసైట్ అనే రాయికి దగ్గర. మీ అమ్మాయికి ఇది చెప్పండి: ఖండాల పై సగం గ్రానైట్ వాసన ఉన్నది, మొత్తం మాత్రం కాదు. సముద్రాల అడుగున గ్రానైట్ దాదాపు లేనే లేదు, అంతా బసాల్టూ గాబ్రోనే.

మూలకాలుగా విడదీస్తే ఇంకా వింత. బరువు లెక్కన ఆక్సిజన్ సుమారు 46 శాతం, సిలికాన్ 28, అల్యూమినియం 8, ఇనుము 5. ఆ తర్వాత కాల్షియం, సోడియం, పొటాషియం, మెగ్నీషియం. ఈ ఎనిమిదీ కలిపితే 98 శాతం దాటుతుంది. బంగారం, రాగి, సీసం, యురేనియం, మనం కొట్టుకు చచ్చే సమస్తం ఆ మిగిలిన పిసరులోనే. ఇక బరువు వదిలి చోటు లెక్క చూస్తే, ఆక్సిజన్ పరమాణువు పెద్దది, సిలికాన్ దాని సందుల్లో ఇమిడిపోయేంత చిన్నది, కాబట్టి రాతిలో తొంభై శాతానికి పైగా చోటు ఆక్సిజన్‌దే. మనం పీల్చేదే మీ పునాదిలో గడ్డకట్టి కూర్చుంది.

ఈ గ్రానైట్ ఇంతగా ఎలా పోగైందన్నది అసలు కథ. గ్రానైట్ సముద్రపు నీళ్లలోంచి ఉప్పులా పేరుకుందని పద్దెనిమిదో శతాబ్దంలో చాలామంది పండితులు నమ్మేవారు. స్కాట్లండ్ భూవిజ్ఞాని జేమ్స్ హటన్ ఒప్పుకోలేదు. 1785లో స్కాట్లండ్‌లోని గ్లెన్ టిల్ట్ లోయలో ఏటి అడుగున నల్లటి పాత రాతిని చీల్చుకుంటూ ఎర్రటి గ్రానైట్ తీగలు పోవడం చూశాడు. కరిగి ప్రవహించకపోతే అలా దూరడం కుదరదు. ఆయన సంతోషం చూసి వెంట ఉన్న గైడ్లు వెండో బంగారమో దొరికిందనుకున్నారని స్నేహితుడు జాన్ ప్లేఫేర్ రాశాడు. మీరు కూడా ఏ రోడ్డు కటింగ్‌లోనో బూడిదరంగు నైస్‌లోకి గులాబీ తీగలు చొరబడి ఉండటం చూడొచ్చు. మన దగ్గర అది చాలా మామూలు దృశ్యం.

రాయి మొత్తం ఒకేసారి కరగదు. నెయ్యిలో కొబ్బరి నూనె, మైనం కలిపి గడ్డకట్టించి సన్నటి సెగ పెట్టారనుకోండి. తొందరగా కరిగేది ముందు జారి పైకి తేలుతుంది, మైనం అడుగున ఉండిపోతుంది. మాంటిల్ కొద్దిగా కరిగితే బసాల్ట్ వస్తుంది. బసాల్ట్ సముద్రం అడుగున నీళ్లు తాగి, మళ్లీ లోపలికి దిగి, మళ్లీ కొద్దిగా కరిగితే సిలికా ఇంకా ఎక్కువున్న తెల్లటి రాయి. అది ఇంకోసారి కరిగితే పొటాషియం ఎక్కువున్న గ్రానైట్. పాల నుంచి వెన్న, వెన్న నుంచి నెయ్యి అన్నట్టు. ఇందులో నీళ్ల పాత్ర పెద్దది. పొడి బసాల్ట్ కరగడానికి దాదాపు 1,200 డిగ్రీలు కావాలి, నీళ్లున్న గ్రానైట్ 650, 700 డిగ్రీలకే లొంగిపోతుంది. అందుకే చంద్రుడి మీద గ్రానైట్ అరుదు, సముద్రాలున్న మన భూమి మీదే ఖండాల కొద్దీ పేరుకుంది. ఇలా తేలిన రాయి తేలిక కూడా. ఘన సెంటీమీటరుకు గ్రానైట్ 2.7 గ్రాములు, మాంటిల్ రాయి 3.3. అందుకే నీళ్లలో దుంగల్లా ఖండాలు మాంటిల్ మీద తేలుతున్నాయని చెప్పుకోవచ్చు.

ఆ సంగతి బయటపడింది కూడా మన దేశపు కొలతల్లోనే. సర్వేయర్ జార్జ్ ఎవరెస్ట్ హయాంలో జరిగిన పెద్ద సర్వేలో ఉత్తరాన కల్యాణా, దక్షిణాన కల్యాణ్‌పూర్ అనే రెండు స్థానాల మధ్య దూరం రెండు పద్ధతుల్లో కొలిస్తే 5.2 సెకన్ల కోణం (ఇక్కడ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) తేడా వచ్చింది. హిమాలయాలు తూకం గుండును తమవైపు లాగుతున్నాయని 1855లో కలకత్తాలో ఉన్న మతాధికారి, గణితజ్ఞుడు జాన్ ప్రాట్ లెక్క కట్టాడు. కానీ ఆ లెక్క ప్రకారం తేడా దాదాపు 16 సెకన్లు రావాలి. కొండలు అంత తక్కువగా ఎందుకు లాగాయి? కొండ కింద అదే తేలికరాయి వేరులా లోతుగా దిగి, అక్కడి బరువైన రాతిని పక్కకు తోసిందని ఇంగ్లండ్ ఖగోళవేత్త జార్జ్ ఎయిరీ జవాబు చెప్పాడు. ఇంతకుముందు చెప్పిన 70 కిలోమీటర్ల మందం ఆ వేరు వల్లే.

మళ్లీ మన నేల మీదికి వద్దాం. మీరు అడగకపోయినా నా పని అంతా ఇక్కడే గడిచింది, ఇది చెప్పకుండా ఉండలేను. గ్రానైట్‌లో ఏం ఉందో అదే మన పొలంలోకి, బావిలోకి వస్తుంది. వాననీటికి ఫెల్డ్‌స్పార్ నెమ్మదిగా కుళ్లి బంకమన్ను అవుతుంది, అభ్రకంలో ఇనుము తుప్పుపట్టి మట్టికి ఎరుపు ఎక్కిస్తుంది, పలుగు ఏమీ కాకుండా ఇసుకగా మిగిలి వాగులో చేరుతుంది. మన చల్కా నేల పుట్టుక అదే. అదే బసాల్ట్ కుళ్లితే నల్లరేగడి. సగం కుళ్లిన దశలో ఉన్నదే మొరం. నీళ్లు నిలిచేది ఆ మొరంలోనూ, దాని కింది పగుళ్లలోనూ తప్ప గట్టి గ్రానైట్‌లో చుక్క ఉండదు.

నల్లగొండ జిల్లాలో ఒక బోరు దగ్గర చూసింది ఇప్పటికీ కళ్లముందుంది. బోర్ బండి చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడ్డారు. ముందు ఎర్రపొడి, తర్వాత పసుపు, తర్వాత విభూదిలా తెల్లటి బూడిద. ఆ బూడిద మొదలైతే గట్టిరాయి మొదలైనట్టు. రైతు ప్రతి పది అడుగులకూ గుప్పెడు పొడి తీసి, తడి తగులుతుందేమోనని చెంపకు ఆనించుకుని చూసుకుంటున్నాడు. 190 అడుగుల దగ్గర రాడ్డు గుక్కతిప్పుకున్నట్టు కదిలింది. “గ్యాప్ తగిలింది” అని డ్రిల్లర్ అరిచాడు, బూడిద ముద్దగా మారి నీళ్లు పైకి చిమ్మాయి. అందరి మొహాల్లో టెన్షన్ పోయింది. నాకు పోలేదు. నీళ్లు పరీక్షకు పంపితే లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దుకు రెట్టింపు దాటి ఫ్లోరైడ్ వచ్చింది. ఆ జిల్లా గ్రానైట్‌లో అభ్రకం, ఫ్లోరైట్, అపటైట్ అనే ఖనిజాల రూపంలో ఫ్లోరిన్ ఎక్కువ. పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లు దాన్ని కరిగించుకుంటాయి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పడిందంటే ఆ ప్రజలు ఎంత అనుభవించారో ఆలోచించండి. వంగిపోయిన కాళ్లతో అరుగు మీద కూర్చున్న పిల్లలను చూశాక నాకు భూపటలం రసాయనం పుస్తకంలో పట్టిక కాకుండా పోయింది. ఘట్‌కేసర్‌లో మీరు బోరు వేసినా సరే, తాగే ముందు ఫ్లోరైడ్ పరీక్ష తప్పకుండా చేయించండి.

ఆరడుగులకే బండ వచ్చిందంటే మీ ప్లాట్‌లో మొరం పలుచన, బోరు నీళ్ల మీద ఆశ తక్కువ పెట్టుకోండి. ఇంకుడు గుంత కూడా బండ మీద తీస్తే తొట్టిలా నిండి ఊరుకుంటుంది. ప్లాట్‌లో మొరం లోతుగా ఉన్న మూల వెతికి అక్కడ తీయాలి.

పునాది గురించి ఒకే ఒక్క జాగ్రత్త. అది నిజంగా షీటేనా, గుండా అన్నది ముందు తేల్చుకోండి. హైదరాబాద్ గుండ్లు ఎక్కడి నుంచో దొర్లి వచ్చినవి కావు. నిలువు, అడ్డం పగుళ్ల గుండా నీళ్లు దిగి, భూమి లోపలే రాతి దిమ్మెల మూలలు కుళ్లి గుండ్రం అయ్యాయి. మట్టి కొట్టుకుపోయిన చోట అవి పైకి తేలాయి, మీ దగ్గర ఇంకా మట్టిలోనే ఉండొచ్చు. గుండు నడినెత్తి కూడా తవ్విన గుంటలో చదునైన బండలాగే కనిపిస్తుంది. సగం పిల్లర్లు గుండు మీద, సగం మొరం మీద పడితే రేపు ఇల్లు ఒకవైపు దిగి గోడలు బీటలిస్తాయి. తెలిసినవాళ్ల ఇంట్లో ఇదే జరిగింది. ప్రతి పిల్లరు గుంతలోనూ బండకు మూడు, నాలుగు మీటర్లు జాక్ హ్యామర్‌తోనో చిన్న డ్రిల్‌తోనో రంధ్రం వేయించండి. బూడిదపొడి ఆగకుండా వస్తే షీట్. మధ్యలో మళ్లీ ఎర్రమట్టి వస్తే గుండు. అప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలవకుండా కాంక్రీట్ వేయించొద్దు.

గ్రానైట్ వల్ల రేడియేషన్ వస్తుందట కదా అని మీరు చివర్లో ఒక మాట అడిగారు. గ్రానైట్‌లో పొటాషియం, థోరియం, యురేనియం మిగతా రాళ్లకంటే కాస్త ఎక్కువే. ఖండాల లోపలి వేడిలో మంచి భాగం వాటిదే. ఇంట్లో ప్లాట్‌ఫాం రాయి నుంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు మాత్రం చాలా స్వల్పం. దానికంటే ఇంటి కింది నేల నుంచి వచ్చేదే ఎక్కువ. కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తే చాలు. మీ గెలాక్సీలో అయితే ఆ మూడూ ఇంకా తక్కువ.

వీలుంటే తాజాగా పగిలిన ముఖం ఫొటో తీసి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి పంపండి. గులాబీ ఫెల్డ్‌స్పార్ ఎంత, తెల్లది ఎంత అన్నది చూసి మీది గ్రానైటా, గ్రానోడయొరైటా చెప్తాను. మీ అమ్మాయికి పది రెట్లు చూపించే చిన్న భూతద్దం ఒకటి కొనివ్వండి, ఆ గింజలు ఆమెనే లెక్కపెట్టనివ్వండి.